పైడికొండ రేసులో మూడో గుర్రం

పైడికొండ రేసు క్లబ్బులో గుర్రాలు పైన ఎండలో పరిగెత్తేవి. మనుషులు కింద ఏసీలో కూర్చుని డబ్బు పోగొట్టుకునేవాళ్లు. స్టాండు కింద ఉన్న ఆ చల్లటి హాలును కేసినో అనేవారు. అక్కడ పోయిన డబ్బులో కొంత ఉలవలుగా, పచ్చిగడ్డిగా, గిట్టల కింద కొట్టే లాడాలుగా మారి లాయాలకు చేరేది. ఈ సంగతి గుర్రాలకు తెలియదు. తెలిసినవాళ్లెవరికీ అందులో తప్పు కనిపించలేదు. చాలా ఏళ్లు అలాగే గడిచాయి.

ఆ ఏర్పాటు చెడిపోవడానికి కారణం, పరాంకుశం గారు ఒక సదస్సుకు వెళ్లి రావడం.

పరాంకుశం గారు ఆర్థిక స్వావలంబన శాఖకు కమిషనరు. ఆ శాఖ ఏం చేస్తుందని అప్పటిదాకా ఎవరూ అడగలేదు. అందుచేత అది ఏమీ చేయకుండా సజావుగా నడుస్తూ వచ్చింది. కొండల మీద ఏదో రిసార్టులో జరిగిన ఆ సదస్సులో, ఏ సంస్థా మరో సంస్థ మీద ఆనుకుని బతకకూడదనే మాట ఆయన చెవిన పడింది. తిరుగు ప్రయాణంలో ఆయన సీటుకు వీపు ఆనించకుండా నిటారుగా కూర్చున్నారని కారు డ్రైవరు తరవాత చెప్పాడు. మర్నాడు ఆఫీసులో గోడలకు ఆనించి ఉన్న బీరువాలన్నిటినీ గది మధ్యకు జరిపించారు. ఇంకా ఏమేం ఆనుకుని ఉన్నాయా అని చుట్టూ చూస్తే రేసు క్లబ్బు కనబడింది.

క్లబ్బు కమిటీని సమావేశపరిచి ఆయన నిలబడే మాట్లాడారు.

"అశ్వక్రీడా రంగము ద్యూత వినోద రంగముపై పరాధీనమై జీవించుచున్నట్లు ప్రభుత్వ దృష్టికి వచ్చినది. ఇకమీదట కేసినో రాబడి నుండి ఒక్క గడ్డిపరక కూడా లాయమునకు చేరరాదు. ప్రతి ప్రాణియు తన కాళ్లపై తాను నిలబడవలెను. రెండే కాళ్లున్న మనిషి నిలబడుచున్నాడు. నాలుగు కాళ్లున్న గుర్రము సాకులు చెప్పుట సమర్థనీయము కాదు."

క్లబ్బు చైర్మన్ కోదండపాణి గారు తల ఊపారు. ఆయన జీవితంలో ఏ ప్రభుత్వాన్నీ కాదనలేదు. "సార్ చెప్పినదాంట్లో లెక్క ఉంది. కాళ్ల లెక్క" అన్నారు.

గుర్రాలకు తర్ఫీదు ఇచ్చే ట్రైనర్ల తరఫున వచ్చిన మస్తాన్ వలీ మాత్రం లేచాడు. పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ల కళ్లకేసి కాకుండా మోకాళ్లకేసి చూడటం అతని అలవాటు. గుర్రాల దగ్గర వచ్చిన అలవాటు అది.

"సార్, పరిగెత్తటమే గుర్రానికి సంపాదన. ఆ పరుగు చూసేదానికి వొచ్చినోళ్లే కదా, కిందికి దిగి ఆడేది."

"చూచువారు టిక్కెట్టు కొని చూచుచున్నారా?"

"కొంటన్నారు సార్. టికెట్టుకు టీ ఇస్తాం. టీ తాగి కిందికి పోతారు."

"అనగా వారు టిక్కెట్టు కొనునది టీ కొరకు. గుర్రము కొరకు కాదు" అని పరాంకుశం గారు చుట్టూ చూశారు. చైర్మన్ గారు చప్పట్లు కొట్టారు.

కేసినో మేనేజర్ ఫణీంద్ర ఆ మీటింగులో ఒక్క మాటా మాట్లాడలేదు. మెట్ల దగ్గర మాత్రం మస్తాన్ భుజం మీద చెయ్యి వేశాడు. "నాకు నీ మీద కోపమేమీ లేదు మస్తాన్ భాయ్. ఇవ్వమంటే ఇచ్చాను, వద్దంటే మానేస్తాను. గవర్నమెంటు మాట కాదని నేనేం చెయ్యగలను?" అన్నాడు. ఆ సాయంత్రానికే హాల్లో కొత్త సోఫాలు దిగాయి.

గుర్రాలు సొంతంగా సంపాదించుకోవడానికి శాఖ ఒక పథకం వేసింది. దాని పేరు అశ్వ స్వయంపోషక పథకం. మొదటి మెట్టుగా ఆదాయ వృద్ధి మీద గుర్రాలకు అవగాహన సదస్సు పెట్టారు. షామియానా కింద గుర్రాలన్నిటినీ వరసగా నిలబెట్టారు. నగరం నుంచి వచ్చిన నిపుణుడొకాయన మార్కెట్టును అర్థం చేసుకోవడం ఎలాగో వాటికి చెప్పాడు. వెనక వరసలో ఒక గుర్రం నిద్రపోయింది. ముందు వరసలోది ముఖ్య అతిథి చేతిలోని పూలగుత్తి తినేసింది. దాన్ని స్వయం ఉపాధి దిశగా తొలి అడుగు అని శాఖవారు పత్రికలకు చెప్పారు.

పథకం రెండో మెట్టు పెళ్లిళ్లు.

మస్తాన్ దగ్గరున్న గుర్రాల్లో మేలైనది తుఫాను రాణి. నుదుట తెల్లమచ్చ ఉన్న ఎర్రగోధుమ రంగు ఆడగుర్రం. పుట్టిన రోజు నుంచి మస్తాన్ చేతిలోనే పెరిగింది. అది పరిగెత్తుతుంటే పందెం ఓడిపోయినవాళ్లు కూడా లేచి నిలబడేవాళ్లు. దాని మీద స్వారీ చేసే జాకీ ఏసుపాదం. జాకీలు బరువు పెరగకూడదు కాబట్టి అతను ఎన్నో ఏళ్లుగా ఒక పూటే తినేవాడు. మేత చాలక రేసులు తగ్గినందుకు క్లబ్బులో సంతోషించింది అతని కడుపు ఒక్కటే.

కూరగాయల మార్కెట్టు వెనక కల్యాణ మండపంలో పెళ్లి. పెళ్లికొడుకు బ్యాంకులో క్లర్కు. మెత్తటి మనిషి. అతన్ని రాణి మీద ఎక్కించి, పక్కన మస్తాన్ కళ్లెం పట్టుకుని నడుస్తున్నాడు. నాలుగు వీధులూ బాగానే సాగింది. మండపం ముందు బ్యాండువాడు ఉత్సాహం పట్టలేక ఇత్తడి తాళాలు రెండూ ఎత్తి ఠంగుమని కొట్టాడు.

రేసు మొదలయ్యేటప్పుడు గేటు తెరుచుకుంటే అచ్చం ఆ చప్పుడే వస్తుంది.

రాణి పరిగెత్తింది. కళ్లెం మస్తాన్ చేతిలోంచి జారిపోయింది. పెళ్లికొడుకు మార్కెట్టు దాటాడు. బస్టాండు దాటాడు. బైపాసు మీద ఒక లారీని దాటాడు. వెనకాల మస్తాన్, అతని వెనక బ్యాండు, దాని వెనక స్కూటరు మీద పెళ్లికూతురి మేనమామ. రాణి తిన్నగా రేసు ట్రాకులోకి వెళ్లి, ఒక చుట్టు చుట్టి, గెలుపు స్తంభం దాటాక ఆగింది.

మస్తాన్ రొప్పుతూ వచ్చేసరికి పెళ్లికొడుకు జీను మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. తలపాగా లేదు. కళ్లు మెరుస్తున్నాయి.

"దెబ్బలేమన్నా తగిలినయ్యా బాబూ?"

"లేదండీ" అన్నాడు పెళ్లికొడుకు. తరవాత మేనమామ స్కూటరు దూరంగా ఉందో లేదో చూసుకుని, మెల్లిగా అడిగాడు. "ఇంకో చుట్టు వేయొచ్చా అండీ?"

ముహూర్తం తప్పలేదు. కానీ ఆ తరవాత పైడికొండలో ఎవరూ పెళ్లికి గుర్రాన్ని పిలవలేదు. శాఖవారు మాత్రం, అనుమతించిన దూరం కంటే ఎక్కువ దూరం వరుణ్ణి మోయడం ద్వారా గుర్రము వనరులను దుర్వినియోగం చేసినదని మస్తాన్‌ని సంజాయిషీ అడిగారు.

లాయాలు ఖాళీ కావడం మొదలైంది. ట్రైనర్లు గుర్రాలను తోలుకుని ఒక్కొక్కరే ఇతర రాష్ట్రాలకు వెళ్లిపోయారు. మస్తాన్ కూడా మిగతావాటిని పంపేశాడు. రాణిని పంపలేకపోయాడు. చివరికి క్లబ్బు మొత్తంలో అది ఒక్కటే మిగిలింది.

అయినా ఆదివారం రేసు పెట్టాలన్నారు. రేసు అన్నాక ఎన్ని గుర్రాలున్నాయన్నది ముఖ్యం కాదని, స్ఫూర్తి ముఖ్యమని చైర్మన్ గారు అన్నారు. ఏసుపాదం రంగుల చొక్కా తొడుక్కుని రాణినెక్కాడు. ఈ మధ్య ఇడ్లీలు తిన్నందువల్ల చొక్కా బిగుతైంది.

"భాయ్, ఎవుర్ని దాటాలి?" అని అడిగాడు.

మస్తాన్ రాణి మోకాళ్లకేసి చూశాడు.

గేటు తెరుచుకుంది. రాణి నాలుగడుగులు ఉరికి అటూ ఇటూ చూసింది. పక్కన ఎవరూ లేరు. ఆగి వెనక్కి చూసింది. ఎవరైనా వస్తారేమోనని నిలబడింది. ఏసుపాదం మెడ నిమిరి మాటలు చెబితే కొంత దూరం నడిచింది. మళ్లీ ఆగింది. అది స్తంభం దాటేసరికి టీ కొట్టువాడు కూడా ఇంటికి పోయాడు. స్టాండులో శాఖ పరిశీలకుడు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. అతను మైకులో ఫలితం చదివాడు.

"నేటి రేసులో ప్రథమ స్థానమునకు తగిన వేగము కల అభ్యర్థి లభించనందున, సదరు స్థానమును ఖాళీగా ఉంచి వచ్చే ఏటికి మళ్లించడమైనది. ద్వితీయ స్థానము తుఫాను రాణి. ద్వితీయ స్థానమునకు బహుమతి లేదు."

ఆ రోజు రాణి మేత ముట్టలేదు. తరవాత కూడా సరిగా తినలేదు. పక్క కొట్టాల్లో చప్పుడు వినపడుతుందేమోనని గోడకేసి తల తిప్పి నిలబడేది. డొక్కలు తేలడం మొదలైంది. సముద్రం ఒడ్డున పిల్లల్ని గుర్రమెక్కించి ఫొటోలు తీసే ఒకాయన బేరానికొచ్చాడు. అక్కడ ఇంకా చాలా గుర్రాలున్నాయని, దీనికి తోడుంటుందని చెప్పాడు. ఆ ఒక్క మాటకే మస్తాన్ సరేనన్నాడు.

"అమ్మేస్తన్నావా భాయ్?" అని ఏసుపాదం అడిగాడు.

"ఇక్కడ ఉంచి చంపుకోమంటావా?"

ఏసుపాదం రాణి తోక చిక్కులు తీస్తూ కూర్చున్నాడు. దానికి ఆ వేళ చిక్కులేమీ లేవు.

మర్నాడు లాయం ముందు పెద్ద కారు ఆగింది. సముద్రం దగ్గర్నుంచి వచ్చిన ఆసామి అనుకున్నారు. దిగింది ఫణీంద్ర. చేతిలో క్యారెట్ల సంచీ. ఇన్నేళ్లలో అతను లాయం తొక్కడం అదే మొదలు. ఎక్కడ కాలు పెట్టాలో తెలియక పెట్టకూడని చోటే పెట్టాడు.

"రాణి గారు ఎలా ఉన్నారు?" అన్నాడు.

అతని వెనక పరాంకుశం గారు. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

విషయం చిన్నదే. గుర్రప్పందేలు జరిగే చోటనే కేసినో నడవాలని చట్టం. పందెం లేకపోతే హాలు మూయాలి. ఇది అందరికీ తెలుసు గానీ, గుర్రాలు నిజంగానే వెళ్లిపోతాయని ఎవరూ అనుకోలేదు. హాలు మూస్తే అది కట్టే పన్ను ఆగిపోతుంది. ఆ పన్ను మీద నడుస్తున్నది ఆర్థిక స్వావలంబన శాఖ. పైడికొండలో రేసులు బతికే ఉన్నాయో లేదో చూడటానికి రాజధాని నుంచి ఉన్నత స్థాయి కమిటీ వచ్చే ఆదివారమే దిగుతోంది.

"నిబంధన ప్రకారము కనీసము మూడు గుర్రములు పరిగెత్తవలెను" అన్నారు పరాంకుశం గారు.

"ఉండేది ఒకటే సార్. అది కూడా పోతా ఉంది" అన్నాడు మస్తాన్.

"పోరాదు. అట్లని దీనికి నేను సాయము చేయుటకు వీలు లేదు. గడ్డిపరక కూడా ఇవ్వరాదని ఉత్తర్వు ఉన్నది."

"ఉత్తర్వు ఇచ్చింది మీరే కదండీ" అని ఏసుపాదం గొణిగాడు.

"అందువల్లనే ఉల్లంఘించలేను."

ఫణీంద్ర క్యారెట్ల సంచీ కింద పెట్టి, అది తన చేతిలోంచి పొరపాటున జారిపడిందని అందరికీ వినపడేలా చెప్పాడు. రాణి మాత్రం దాన్ని చూడలేదు. మస్తాన్ దాని ముఖంకేసి చూసి, "ఆదివారం దాకా ఆగుతా. ఆ తరవాత నా ఇష్టం" అన్నాడు.

మిగతా రెండు గుర్రాల కోసం ఊళ్లన్నీ వెతికారు. దొరకలేదు. జాతరల్లో వేషాలు వేసేవాళ్ల దగ్గర గుడ్డతో కుట్టిన గుర్రం ఒకటి దొరికింది. ముందొకడు, వెనకొకడు దూరి నడిపించాలి. దూరం నుంచి చూస్తే గుర్రంలాగే ఉంటుంది. ఇంకా దూరం నుంచి చూస్తే మరీ బాగుంటుంది. ఒకటి తగ్గినా, దానికి ఆఖరు నిమిషంలో కాలు బెణికిందని చెప్పుకుందామనుకున్నారు.

లోపల ఎవరు దూరాలన్నది సమస్య. వేషగాళ్లను పెడితే సంగతి బయటికి పొక్కుతుంది. ఆఫీసులో ప్యూనును అడిగితే, రెండు కాళ్ల మీద చేసే డ్యూటీకే తనను తీసుకున్నారని చెప్పాడు. చైర్మన్ గారికి నడుం నొప్పి. చివరికి ఎవరి అవసరమో వాళ్లే మిగిలారు.

"కమిషనరు హోదా కలవారు వెనుక భాగమున ఉండుట ప్రోటోకాల్‌కు విరుద్ధము" అన్నారు పరాంకుశం గారు.

"మీ శాఖ నడిచేది మా హాలు డబ్బుతో సార్" అన్నాడు ఫణీంద్ర.

"అందుకే మీరు వెనుక నుండి నెట్టవలెను."

ఆదివారం వచ్చింది. ఉన్నత స్థాయి కమిటీ అంటే విశాలాక్షి గారు ఒక్కరే. తక్కిన సభ్యులకు ఎండ పడదు. ఆవిడ మెళ్లో బైనాక్యులర్లు వేలాడుతున్నాయి. నవ్వు ముఖం కాదు. ఊరి జనం చాలా రోజుల తరవాత స్టాండు నిండా వచ్చారు. పెళ్లికొడుకు కూడా భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు.

ఏసుపాదానికి పరాంకుశం గారు ముందే చెప్పి ఉంచారు. రాణిని పట్టి ఆపుతూ, పోటీ సమానంగా ఉన్నట్టు కనిపించేలా పరిగెత్తించాలి. ఏసుపాదం తల ఊపాడు.

గుడ్డ గుర్రం ఊగుతూ వచ్చి రాణి పక్కన నిలబడింది. రాణి దానికేసి తిరిగింది. మెడ వాసన చూసింది. లోపల ఎవరో తుమ్మారు. రాణి చెవులు రెండూ నిక్కాయి. ఎన్నో వారాలుగా అలా నిక్కిన చెవులను మస్తాన్ చూడలేదు. అతను కంచె పట్టుకుని ముందుకు వంగాడు.

గేటు తెరుచుకుంది.

ఏసుపాదం కళ్లెం ఒకసారి లాగాడు, ఇచ్చిన మాటకోసం. తరవాత వదిలేశాడు. రాణి వెళ్లిపోయింది. దుమ్ము లేచింది. స్టాండులో జనం లేచారు. పందెం కాసినవాళ్లూ లేచారు, కాయనివాళ్లూ లేచారు. పెళ్లికొడుకు కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. రాణి స్తంభం దాటేసరికి మస్తాన్ కంచె అవతలున్నాడు. ఎలా దూకాడో అతనికే తెలియదు. దాని మెడ కౌగిలించుకుని, రొప్పుతున్న ఆ ఊపిరిని చెంప మీద పట్టుకుని నిలబడిపోయాడు.

అదే సమయానికి గుడ్డ గుర్రం మలుపు దగ్గరికొచ్చింది. ముందున్న పరాంకుశం గారికి మలుపు కనిపించింది, తిరిగారు. వెనకున్న ఫణీంద్రకు కనిపించలేదు, తిన్నగా వెళ్లాడు. నడుం దగ్గర కుట్లు చరచరా విడిపోయాయి. ఆగితే పట్టుబడిపోతామని ఇద్దరికీ భయం. ఇద్దరూ ఆగలేదు. ముందు భాగం తల ఊపుకుంటూ ట్రాకు వెంబడి పరిగెత్తింది. వెనక భాగం పూలకుండీల్లోంచి వెళ్లి, తోక ఊపుకుంటూ, మైకు చప్పుడు వినపడే దిక్కుకు తిరిగింది. ముందు భాగం రెండోదిగా స్తంభం దాటింది. టీ తాగేంత సేపటికి వెనక భాగం కూడా దాటి, అక్కడే కూలబడింది.

చైర్మన్ గారు కళ్లు మూసుకున్నారు.

విశాలాక్షి గారు బైనాక్యులర్లు దించి మైకు అడిగి తీసుకున్నారు.

"మూడు గుర్రములు పరిగెత్తినట్లు కమిటీ ప్రత్యక్షముగా చూచినది. రెండవ, మూడవ గుర్రములకు రెండేసి కాళ్లు మాత్రమే ఉన్నట్లు కూడా గమనించినది. చట్టములో కాళ్ల సంఖ్య ప్రస్తావన లేదు. కావున పైడికొండలో అశ్వక్రీడ సజీవముగా ఉన్నట్లు ధ్రువీకరించడమైనది."

జనం చప్పట్లు ఆగాక ఆవిడ మిగతాది చెప్పారు. ఈ మూడు గుర్రాలే ప్రతి ఆదివారం పరిగెత్తాలి. పరిగెత్తే గుర్రాలను ఆకలితో ఉంచడం నేరం కాబట్టి వాటి పోషణ కేసినో చూసుకోవాలి. ఇది సాయం కిందికి రాదు, శిక్షను తప్పించుకోవడం కిందికి వస్తుంది. క్లబ్బులో మిగిలిన ఒకే ఒక ట్రైనరు మస్తాన్ వలీ మూడింటికీ తర్ఫీదు ఇవ్వాలి.

పరాంకుశం గారు బదిలీకి పెట్టుకున్నారు. రేసులో నమోదైన గుర్రాన్ని సీజను మధ్యలో వేరే జిల్లాకు పంపడానికి వీల్లేదని పైనుంచి జవాబు వచ్చింది.

సముద్రం ఒడ్డు ఆసామి వచ్చి వట్టి చేతులతో వెళ్లిపోయాడు. రాణి ఉలవలు తింటోంది. లాయాల్లో మేత ఉందని విని, వెళ్లిపోయిన ట్రైనర్లలో ఒకతను తన గుర్రాలను మళ్లీ తోలుకొచ్చి పక్క కొట్టంలో కట్టేశాడు. రాణి రోజంతా గోడ మీదుగా వాటితో తలలు రాచుకుంటూ గడిపింది.

పొద్దున్నే ట్రాకు మీద ప్రాక్టీసు. మొన్న ఒకరోజు చైర్మన్ గారు వాహ్యాళికి వచ్చి కంచె దగ్గర ఆగారు. రెండు గుడ్డ ముక్కలు మలుపు తిరుగుతున్నాయి.

"ఎలా ఉన్నాయి మస్తాన్, నీ కొత్త గుర్రాలు?"

మస్తాన్ వాటి మోకాళ్లకేసి కాసేపు చూశాడు.

"వెనక సార్ పర్లేదండీ, దారికొస్తన్నాడు. ముందు సారే, పరిగెత్తేటప్పుడు కూడా మాట్లాడతన్నాడు. ఊపిరంతా ఆడే పోతా ఉంది" అన్నాడు.